దేశం ఏ దిక్కుకు? ప్రజాభిప్రాయ సేకరణపై ఒక నైతిక విచారణ

‘దేశం సరైన దిశలో సాగుతోందా, తప్పుదిశలో సాగుతోందా?’ అభిప్రాయ సేకరణ సంస్థలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఇప్సోస్ సంస్థ అనేక దేశాల్లో నెలనెలా ఈ ప్రశ్న వేస్తుంది. భారతదేశ నమూనాలో పట్టణవాసుల, విద్యావంతుల పాలు ఎక్కువని ఆ సంస్థే తన నివేదికల్లో అంగీకరిస్తుంది. నమూనా లోపాన్ని గణాంకశాస్త్రం చూసుకుంటుంది. ఒక మనిషి ముందు ఇంతటి ప్రశ్న ఉంచి ఒక్క మాటలో జవాబు కోరడం న్యాయమా అన్నది మాత్రం గణాంకశాస్త్రానికి అందని విషయం.

నాపరాయికి, పాలిష్ బండలకు పేరుపొందిన నంద్యాల జిల్లా బేతంచెర్లలో, బండలు కోసే యంత్రం దగ్గర నిలబడిన కార్మికుణ్ణి ఈ ప్రశ్న అడిగారనుకుందాం. కూలి పెరిగి ఉండవచ్చు, పని దినాలు తగ్గి ఉండవచ్చు. కూతురు కళాశాలకు వెళుతుండవచ్చు, ఆమెకు ఉద్యోగం వస్తుందన్న నమ్మకం లేకపోవచ్చు. వీటన్నిటినీ కలిపి ‘సరైనది’ అనాలా, ‘తప్పు’ అనాలా? అతడు ‘చెప్పలేను’ అంటాడు. పత్రంలో దానికీ ఒక గడి ఉంది. నివేదికలో అది చివరి వరుసకు చేరుతుంది.

తెలుగులో ‘చెప్పలేను’ ఒకే మాట కాదు. తెలియక చెప్పలేకపోవడం ఒకటి. తెలిసీ, యజమాని వింటున్నాడని చెప్పలేకపోవడం మరొకటి. చెప్పవలసినది ఒక్క మాటలో ఇమడక చెప్పలేకపోవడం ఇంకొకటి. మొదటిది అజ్ఞానం, రెండవది భయం, మూడవది వివేకం. మూడింటినీ ఒకే గడిలో కూర్చి అజ్ఞానంగా లెక్కగట్టడం పొరపాటు మాత్రమే కాదు, వివేకికి చేసే అన్యాయం కూడా.

ప్రశ్నలోని మాటల సంగతీ ఇంతే. ‘దిశ’ పత్రికాభాష, వాడుకలో ఉన్నది ‘దిక్కు’. ‘దిక్కులేనివాడు’, ‘దేవుడే దిక్కు’ అన్నప్పుడు ఆ మాటకు తూర్పుపడమరలతో పనిలేదు, ఆధారమని అర్థం. కనుక దేశం ఏ దిక్కుకు పోతోందన్న ప్రశ్న, తమకు దిక్కెవరన్న ప్రశ్నగా వినబడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. ‘అభిప్రాయం’ సంగతి మరీ ఆసక్తికరం. అభి, ప్ర ఉపసర్గలు చేరిన ‘ఇ’ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది, ధాత్వర్థం వెళ్లడం. సంస్కృతంలో ఉద్దేశం, ఆశయం దీని ప్రధానార్థాలు. వ్యుత్పత్తి ప్రకారం అభిప్రాయం మనసు ఒకవైపు సాగడం. సర్వేకు కావలసినది సాగడం కాదు, ఆగి నిలిచిన ఒక బిందువు.

అందరికీ అన్నిటిపై అభిప్రాయం ఉంటుందనీ, అడిగిన ప్రశ్న అడగదగినదేనని అందరూ ఒప్పుకున్నారనీ సర్వేలు ముందే ఊహించుకుంటాయని పియరీ బోర్ద్యూ 1973లో ప్రచురించిన వ్యాసంలో విమర్శించాడు. ఆ విమర్శకు తెలుగునేలపై నిదర్శనం నంద్యాలలోనే దొరుకుతుంది. 1991 జూలైలో నూతన ఆర్థిక విధానం మొదలైంది. నవంబరులో జరిగిన నంద్యాల లోక్‌సభ ఉపఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు సుమారు 5.8 లక్షల ఆధిక్యంతో గెలిచారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడని తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. ఆ ఓట్లలో విధానానికి పడినవెన్ని, తెలుగు అభిమానానికి పడినవెన్ని? అంత పెద్ద సంఖ్యకూ ఈ ప్రశ్నకు జవాబు తెలియదు.

అయినా ఎన్నికల అంచనాకు ఒక పరీక్ష ఉంది. 2024 జూన్ 1న ఆంధ్రప్రదేశ్‌పై వెలువడిన ఎగ్జిట్ పోల్స్ ఒకదానితో ఒకటి పొసగలేదు. మూడు రోజుల తరువాత లెక్కింపులో 175 స్థానాలకు 164 కూటమికి దక్కగానే ఏది తప్పో తేలిపోయింది. దేశ దిశను గురించిన సంఖ్యకు అటువంటి లెక్కింపు రోజు రాదు. ఎన్నటికీ తప్పని తేలని మాటను ప్రజల పేరిట ప్రకటించేవారి బాధ్యత, అందువల్లనే, ఎన్నికల జోస్యం చెప్పేవారి బాధ్యతకంటె బరువైనది.

సర్వేలే వద్దనడం దీనికి పరిష్కారం కాదు. రెండు ఎన్నికల మధ్య సామాన్యుని గొంతు వినిపించే సాధనంగా జార్జ్ గాలప్ వీటిని సమర్థించాడు. ఆ వాదనలో బలముంది. బేతంచెర్ల కార్మికుణ్ణి ఎవరూ అడగకపోతే అతని తరఫున నాయకుడో సంపాదకుడో మాట్లాడతాడు, అది మరింత అన్యాయం. అడిగినవారు అతని ‘చెప్పలేను’ తరువాత మరొక్క ప్రశ్న వేయవచ్చు: ‘ఎందుకని?’ దానికి వచ్చే జవాబు గడిలో పట్టదు. రాసుకోవడానికి సమయం, కూర్చుని వినడానికి ఓపిక కావాలి. ఖర్చూ పెరుగుతుంది. నివేదికల్లో ఆ జవాబులు కనబడకపోవడానికి చాలావరకు కారణం ఈ ఖర్చే.