మిషను ఎవరి చేతికి?

మాది కరువు సీమ, యాడికి. ఊరి బావికాడ ఎవరన్నా నీళ్లు పోస్తారేమోనని మా జేజి కడవ పట్టుకొని నిలబడేది. అట్లాంటి నీళ్లే పట్నంలో మురుగు పైపుల పూడికను తోసేస్తున్నాయి.

రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు కాలువలోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. 2017లో హైదరాబాద్ జలమండలి 70 చిన్న జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. గొట్టం మొననుంచి వెనక్కి చిమ్మే నీళ్ల ఒత్తిడే గొట్టాన్ని ముందుకు తోస్తుంది, పూడికను పగలగొడుతుంది. మిషను పనిచేసిన చోట మనోడు విషవాయువుకు సచ్చే పని లేదు. మంచిదే.

ఆ మిషన్లకు దళితులనే ఓనర్లను చేసినారు. కూలోడు ఓనరయినాడు గదా, ఇంకేం కావాలంటారు. ప్రాణం దక్కడం వేరు, కులవృత్తి పోవడం వేరు. మా సీమలో బోరు లారీల ఓనర్లు ఎవరు? నీళ్లు తీసే మిషను వాళ్లకు, మలం తీసే మిషను మాకా?

మిషను రావాల్సిందే. ఆ గొట్టం ఏ కులపోడైనా పట్టిననాడే అది పనిముట్టు. అందాకా మా చేతికిచ్చిన కొత్త చీపురే.