కుజుడి మడి

కుజుడి దక్షిణ ధ్రువంలో, మంచుకింద కిలోమీటరున్నర లోతున, ఇరవై కిలోమీటర్ల వెడల్పున నీటి సరస్సు ఉన్నట్టుందని ఇటలీ శాస్త్రవేత్తలు 2018 జూలైలో చెప్పారు. ఆ వార్త మా వీధి రామాలయం అరుగెక్కింది. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనదాన్ని కదా, అందరూ నన్నే పట్టుకున్నారు. అక్కడ ప్రాణి ఉంటే మన దేవుడి మాటేమిటి? నేను నోరు తెరిచేలోపే పంతులుగారు తేల్చేశారు: "అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుడని ఊరికే అన్నారా అమ్మా? ఎన్ని లోకాలు బయటపడితే అన్నీ ఆయనవే!" నిన్నటిదాకా కందులు దానమిప్పించి శాంతి చేయించిన కుజుడిలో నీళ్ళున్నాయంటే ఆయనకేమీ బెంగ లేదు.

ఆ సరస్సు సంగతి ఇప్పటికీ తేలలేదు. సరస్సని చెప్పడానికి ఆధారమైన రాడారు మెరుపు బంకమట్టిదీ కావచ్చంటున్నారు. అయినా నన్ను తొలిచేది అది కాదు. లోకాలన్నీ ఆయనవేననడం సులువు. అక్కడొక చిన్న ప్రాణి ఉంటే దాని ఎదుట మనం ఎలా మసలుకోవాలి?

క్యూరియాసిటీ రోవర్ 2012 నుంచి కుజుడి మీద తిరుగుతోంది. 2015లో అక్కడి వాలుల మీద ఉప్పునీటి జాడలున్నాయని నాసా ప్రకటించింది. అలాంటి చోటు దారిలో తగిలినా రోవర్‌ను దగ్గరికి పోనివ్వకూడదన్నారు. నీటికోసమే ఇంత తపించి, తీరా కనబడ్డాక దూరం జరగడమా? రోవర్ ఒంటికి మన సూక్ష్మజీవులు అంటుకుని ఉంటాయని భయం. 1976లో దిగిన వైకింగ్ నౌకల్ని పంపేముందు 110 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచారు. శని చుట్టూ తిరిగిన కసీని నౌకకు ఇంధనం అయిపోవచ్చాక, 2017 సెప్టెంబర్ 15న దాన్ని శనిలోకే దూకించి కాల్చేశారు. మంచుకింద సముద్రమున్న శని చందమామ ఎన్సెలాడస్ మీద అది పొరపాటున పడకూడదని.

ఇది చదివినప్పుడు నాకు నాయనమ్మ గుర్తొచ్చింది. దండెం మీది మడిబట్టను ఆమె కర్రతో తీసేది. మేం తగిలితే మళ్ళీ స్నానం. పెరట్లో అంట్లు తోమే ఆమె దాహమంటే, దోసిలి పట్టమని పైనుంచి చెంబుతో పోసేది. ఆమెకు నాయనమ్మంత వయసు. పిల్లలం కూడా పేరు పెట్టే పిలిచేవాళ్ళం.

ఆ మడిలో మైల ఎప్పుడూ అవతలివాళ్ళదే. రోవర్ పాటిస్తున్న మడిలో మైల మనది. ఆచారాలు తెలిసిన ఇంట్లో పుట్టి, ఇలాంటి మడి ఒకటుంటుందని నాకు అరవై దాటాక, అదీ ఒక యంత్రాన్ని చూస్తే గానీ తట్టలేదు. పంతులుగారితో అంటే నవ్వి, "మీరు దేన్ని దేనికో ముడిపెడతారు" అన్నారు. పెడతాను. కంటికి కనబడని క్రిమికి, అదీ ఉందో లేదో తెలియనిదానికి, ఇంత మర్యాద చేయగలిగిన మనుషులం.

ఒక ఎండాకాలం, ఇంట్లో ఎవరూ పలక్కపోతే, అంట్లు తోమే ఆమె తనే వంటింటి గడప దాటి బిందెలో చెంబు ముంచుకుంది. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ బిందెడు నీళ్ళూ తీసుకెళ్ళి, ఆమె చూస్తుండగానే, కరివేపాకు మొక్క మొదట్లో పారబోసింది.