మాత్ర మ్రింగుచు సాక్ష్యమియ్యవచ్చునా?



జగిత్యాల ప్రాంతపు రైతు సోదరుడొకడు కామెర్లతో పడియుండెను. నొప్పి లేదు, కండ్లు పసుపు, ఒడలంతయు దురద. పసరు త్రాగించిరి, తగ్గలేదు. కరీంనగరములో స్కానింగు తీయగా క్లోమము వాచియుండెను, క్యాన్సరేమోయని అనుమానము. ఆయనకు చెప్పవద్దని ఇంటివారు వేడుకొనిరి. మేమును చెప్పలేదు. హైదరాబాదులో ముక్క తీసి పరీక్షింపగా క్యాన్సరు కాదని తేలెను.

దేహమును కాయవలసిన శక్తియే పొరబడి సొంత క్లోమముమీద తిరుగబడు వ్యాధి ఇది. 1961లో ఫ్రాన్సు వైద్యుడు సార్లెస్ ఇట్టి రోగిని గూర్చి వ్రాసెను. 1995లో జపాను వైద్యులు దీనిని ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ అనిరి. క్యాన్సరని తలచి కోత కోయించుకొన్నవారును కలరు. స్టెరాయిడు మాత్రలకు ఇది త్వరగా లొంగును. కొన్ని వారములలో మా సోదరుని కండ్లు తెల్లబడెను.

ఆ ఆదివారము ఆయనను ముందుకు పిలిచినది మేమే. పూర్ణ స్వస్థత అన్న మాటయు మాదే. అది నమ్మి ఆయన మాత్రలు మానెను. రెండు నెలలకు కామెర్లు మరల వచ్చెను. "అయ్యగారూ, నా నమ్మకంల ఏం తక్కువైంది?" అని అడిగెను.

తక్కువైనది ఆయన నమ్మకము కాదు, మా మాటలోని నిజము. ఈ వ్యాధి అనేకులకు తిరుగబెట్టును. మరల మందిచ్చిన మరల లొంగును. కొందరికి చక్కెర వ్యాధి వచ్చును, కొందరికి అన్నమరుగుటకు మాత్రలు కావలెను. స్టెరాయిడును ఒక్కసారిగా మానుట అపాయము. వైద్యుడు చెప్పినట్లు మెల్లగా తగ్గింపవలెను. అయినను ఏండ్ల తరబడి రోగులను చూచినవారి లెక్క ప్రకారము ఆయుష్షు ఇతరులతో దాదాపు సమానమే.

అట్లయిన మందు మ్రింగుచు బాగుపడితినని చెప్పుట అబద్ధమా? హిజ్కియాకు 15 ఏండ్ల ఆయుష్షు మాటయిచ్చిన దినముననే పుండుమీద అంజూరపు ముద్ద వేయించిరి. మన పొరుగున డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ దొరసాని చేత చాల్‌మోగ్రా నూనె సూదులు దీర్ఘకాలము వేయించుకొన్న కుష్ఠు రోగులను అవిశ్వాసులందుమా? బాగున్నాను, మందు వాడుచున్నాను, మరల రావచ్చును: ఈ మూడును కలిపి చెప్పిననే సాక్ష్యము. సంఘమునకు ముగిసిన కథలే ఇష్టము. మాకును అంతే, దాచనేల?

గత నెల ఆయనను మరల ముందుకు రమ్మంటిమి. "పత్తి ఏరేది ఉన్నదయ్యగారూ" అని రాలేదు. మేమే నిలిచి మా పొరబాటు ఒప్పుకొంటిమి.