కాపాడాల్సింది ఎవరు?

సంస్కృతిని కాపాడుకోవాలన్న మాట వినగానే మన ఆడవాళ్ళకి కాస్త జంకు పుడుతుంది. ఆ బరువు చివరికి ఎవరి నెత్తిన పడుతుందో మనకి తెలుసు గనక. కానీ ఆ మాటనే, పిల్లల్ని ప్రభుత్వం ఎత్తుకుపోగా మిగిలిన జాతి అన్నప్పుడు కొట్టిపారెయ్యలేం. ఉత్తర కెనడాలోని డెనే ప్రజల గురించి ఆలోచించినప్పుడల్లా నాలో ఈ జంకూ ఈ గౌరవమూ తగువులాడుకుంటాయి.

డెనే అంటే వాళ్ళ భాషల్లో మనుషులు అని అర్థం. మెకంజీ నదిని వాళ్ళు డెహ్‌చో, అంటే పెద్ద నది, అంటారు. ఆ ప్రాంతపు ఊళ్ళలో పెద్దలూ యువతరమూ కలిసే సమావేశాలు, తోలు బాగుచేయడం నేర్పే శిబిరాలు జరుగుతుంటాయి. భాష మరిచిపోవద్దని, పద్ధతులు వదలొద్దని ఇలాంటి చోట్ల పిల్లలకి చెప్పడం మామూలే. నా ప్రశ్న ఇక్కడే. చేతికి అందనిదాన్ని మరిచిపోవడం ఎలా కుదురుతుంది?

ఫోర్ట్ ప్రావిడెన్స్‌లో మిషనరీల వసతి పాఠశాల 1867లో మొదలైంది. దేశమంతా ఇలాంటి బడుల పాలైన ఆదివాసీ పిల్లలు సుమారు 1,50,000 మంది. అక్కడ తల్లి భాష మాట్లాడితే శిక్ష. ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పింది 2008లో. ఇవాళ పెద్దల వరుసలో కూర్చున్నవాళ్ళలో ఆ బడుల్లో పెరిగినవాళ్ళు ఎందరో. తాము పడ్డ దెబ్బలు బిడ్డలు పడకూడదని ఇంట్లో సొంత భాష మానేసిన తల్లులూ ఉన్నారు. దాన్ని నిర్లక్ష్యం అందామా, ప్రేమ అందామా? ఆ తల్లి మౌనానికి ఆమె బిడ్డని బోనులో నిలబెట్టడం న్యాయం కాదు. భాషని తుడిచిపెట్టింది రాజ్యం. తిరిగి నిలబెట్టే ఖర్చూ శ్రమా మొదట రాజ్యమే భరించాలి.

ఐక్యత అన్న మాటనీ ఇలాగే తరచి చూడాలి. ఎవరెవరి మధ్య ఐక్యత? ఇండియన్ చట్టం ప్రకారం, హోదా లేని మగవాణ్ణి పెళ్ళాడిన ఆదివాసీ స్త్రీ తన హోదా పోగొట్టుకునేది. బయటి స్త్రీని చేసుకున్న మగవాడికి మాత్రం ఏమీ పోయేది కాదు, పైగా ఆ భార్యకి హోదా వచ్చేది. 1985లో ఈ నియమాన్ని తీసేసినా, దాని వల్ల తర్వాతి తరాలకి జరిగిన అన్యాయాన్ని సరిదిద్దే సవరణలు పూర్తిగా అమల్లోకి వచ్చేసరికి 2019 అయింది. ఇలా వెలివేతకి గురైన స్త్రీల పిల్లలకి చోటులేని సభలో ఎంత గట్టిగా ఒక్కటిగా ఉందామన్నా అది సగం మాటే.

అలాగని ఐక్యత ఉత్తమాట అనను. మెకంజీ లోయ గ్యాస్ పైపులైను మీద న్యాయమూర్తి థామస్ బెర్గర్ ఊరూరా విచారణ జరిపినప్పుడు పెద్దలు తమ భాషల్లోనే సాక్ష్యం చెప్పారు. అదే కాలంలో, 1975లో, ఫోర్ట్ సింప్సన్‌లో డెనేలు తమని ఒక జాతిగా గుర్తించమని ప్రకటన చేశారు. పైపులైనుని పదేళ్ళు ఆపమని బెర్గర్ 1977లో సిఫారసు చేశాడు. ఆనాడు పాత మాట భద్రపరిచిన వస్తువు కాదు, బతుకుకోసం పనికొచ్చిన ఆయుధం.

సంప్రదాయమంటే ముందు వేట గుర్తొస్తుంది. వేట ముగిశాక మొదలయ్యే స్త్రీల పని అంతగా గుర్తురాదు. పచ్చితోలు గీకాలి, జంతువు మెదడు పట్టించాలి, పిండాలి, సాగదీయాలి, పుచ్చుకొయ్య పొగ పెట్టాలి. ఈ విద్య ఉపన్యాసంతో రాదు. పక్కన కూర్చుని రోజుల తరబడి చేతులు కలపాలి. ఆ పనిలో నేర్పేవాళ్ళకీ ఓపిక కావాలి. ఎందుకిలా అని అడిగే పిల్లని కసరకుండా జవాబు చెప్పాలి. ఈ పని మాకే ఎందుకని ఆడపిల్ల అడిగితే, ఆ ప్రశ్నకీ చోటివ్వాలి.

పెద్దల్ని గౌరవించడమంటే వాళ్ళు చెప్పింది దాచిపెట్టడం కాదు, దానితో మాట్లాడటం. కాదనే హక్కు లేని చోట వారసత్వం ఆజ్ఞగా మారుతుంది. ఆజ్ఞలతో పిల్లల్ని పెంచిన బడులు ఏం చేశాయో డెనే పెద్దలకి వేరే చెప్పనక్కర్లేదు.