ఆజ్ఞాపాలనము - శరణాగతి

మలికిపురము మీదుగా అంతర్వేది లక్ష్మీనృసింహస్వామి సేవకు ఒంటరిగా నడచిపోవు యాత్రికునకు త్రోవ తప్పినచో అడుగుటకు మనుష్యులు గలరు. చంద్రునిపై తిరిగిన ప్రజ్ఞాన్ అను ఆరు చక్రముల బండికి అట్టి తోడు లేదు. 2023 జూలై 14న శ్రీహరికోట నుండి వెడలిన చంద్రయాన్-3 ఆగష్టు 23న దానిని అచటికి చేర్చినది. 26 కిలోల ఆ బండి నడక సెకనుకు ఒక సెంటీమీటరు. ఆగష్టు 27న ఎదుట నాలుగు మీటర్ల వెడల్పు గల గొయ్యి కనబడగా, భూమి నుండి వచ్చిన ఆజ్ఞ మేరకు వచ్చిన త్రోవనే మరలినది.

ఇంతటి విధేయత శరణాగతి యగునా? కాదనియే చెప్పవలెను. ప్రజ్ఞానమని పేరిడినవారి సంస్కారము మెచ్చదగినదే. కాని "నేను పోను" అనుట ఆ బండికి చేతకాదు. యాత్రికునకు చేతనగును. ఎండకు తాళలేక అతడు ఇంటికి మరలినను అడ్డువారుండరు. మరలగలిగియు మరలక వేయు అడుగే స్వామికి అర్పణము. జీవుని కర్తృత్వము భగవదధీనమే యైనను, తొలి ప్రయత్నము జీవునిదే యనియు, భగవంతుడు దానికి అనుమతి నొసగుననియు భగవద్రామానుజులు శ్రీభాష్యమున నిరూపించిరి.

సుమారు 100 మీటర్లు నడచిన ప్రజ్ఞాన్‌ను, అచట చీకటి పడనుండగా, సెప్టెంబరు 2న నిద్రింపజేసిరి. మరల తెల్లవారిన పిదప 22న పిలిచిరి. మారుపలుకు రాలేదు. ఆ మౌనమునకు దాని నెవరును నిందింపలేదు.