పెద్ద గొట్టం, చిన్న తలుపు

ఒక ఊళ్లో ఒక కుర్రవాడికి టర్బో ఇంజను కారు ఉండేది. కారు బాగానే పరిగెత్తేది కానీ, అతనికి ఆ వేగం చాలలేదు. వెనక సైలెన్సర్ తీయించి లావుపాటిది పెట్టించుకున్నాడు. మోత పెరిగింది, వేగం మాత్రం పెరగలేదు.

చివరికి ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు. మేస్త్రీ కారు కిందికి దూరి చూసి, అసలు అడ్డు టర్బోను ఆనుకుని ఉన్న సన్నటి డౌన్‌పైపులో ఉందని తేల్చాడు. అక్కడ 3 అంగుళాల గొట్టం వేస్తే పొగ సాఫీగా పోయి టర్బో చక్రం త్వరగా వేగం అందుకుంటుంది. అయితే టర్బోకు వేస్ట్‌గేట్ అని ఒక చిన్న తలుపు ఉంటుంది. టర్బో ఇంజనులోకి నెట్టే గాలి పీడనం హద్దు చేరగానే అది తెరుచుకుని, మిగులు పొగను చక్రానికి తగలనీయకుండా పక్కదారి పట్టిస్తుంది. గొట్టం మారిస్తే ఆ తలుపు రంధ్రాన్నీ పెద్దది చేయాలని, ఇంజను కంప్యూటర్‌లో పెట్రోలు లెక్క కూడా సరిచేయాలని మేస్త్రీ పట్టుబట్టాడు.

దానికి ఖర్చు రెట్టింపు. తలుపు పెంచితే వేగం వస్తుందా ఏమిటనుకుని, కుర్రవాడు వేరే షెడ్డులో గొట్టం ఒక్కటే వేయించుకున్నాడు.

కారు నిజంగానే దూసుకుపోయింది. 1 బార్ దగ్గర ఆగాల్సిన టర్బో పీడనం మీటరు ముల్లు కాస్త దాటుతుంటే మురిసిపోయాడు. మేస్త్రీది ఉత్త చాదస్తమనుకున్నాడు.

చలికాలం వచ్చింది. చల్లగాలి చిక్కన. ఒక తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద యాక్సిలరేటర్ అదిమిపట్టాడు. తలుపు పూర్తిగా తెరుచుకున్నా అంత పొగ అందులోంచి పోలేకపోయింది. ముల్లు 1.4 దాటింది. బానెట్ కింద డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు మొదలైంది. కాసేపటికి వెనక నీలిపొగ కమ్మింది.

ఇంజను విప్పింది ముసలి మేస్త్రీయే. ఒక పిస్టన్ తీసి, నూనె తుడిచి, కుర్రవాడి చేతిలో పెట్టాడు. రెండు రింగుల మధ్య అంచు గోరంత మేర విరిగిపోయి ఉంది. ఆ గోరంత విరుపుకు ఇంజను మొత్తం దించాల్సి వచ్చింది.

నీతి: అడ్డు ఎక్కడుందో కనిపెట్టి తొలగించుకోవడం తెలివే. కానీ బలం పెరిగినంత మేర దాన్ని ఆపే అదుపు కూడా పెరగాలి. డబ్బో పదవో ఒక్కసారిగా కలిసొచ్చినవాడు తన పాత కట్టుబాట్లే చాలనుకుంటే, ఆ కలిసొచ్చిందే అతణ్ని విరుస్తుంది.