ఒక పొయ్యి, రెండు చాటలు

"అత్తాకోడళ్లు వేరువేరుగా వండుకు తింటున్నారు." బోధన్‌లో ఒక దరఖాస్తు మీద ఈ వాక్యం రాసింది నేనే. అది అబద్ధం. రాస్తున్నప్పుడు నాకేమీ బాధ కలగలేదు. బాధ తర్వాత మొదలైంది, నేననుకోని వైపు నుంచి.

బీడీ కార్మిక స్త్రీల జీవిత కథనాల కోసం 2019లో శక్కర్‌నగర్ దగ్గరి ఒక బస్తీకి వెళ్లాను. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ మూతపడటం వార్త అయింది. ఆ తర్వాత ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరించే ఆడవాళ్ల కూలి మీద ఎన్ని ఇళ్లు నిలబడ్డాయన్నది వార్త కాలేదు.

నన్ను ఇళ్లకు తిప్పింది మహిళా సంఘాల పనిచూసే ఆర్పీ. ఆమె చేతిసంచి నిండా ఊరందరి జిరాక్సులే. ఒకే ఇంటికి రేషన్ ఒక చోట, పింఛను ఒక చోట, బాలింతకు గుడ్లు అంగన్‌వాడీలో, టీకాలు ఆశ దగ్గర, పీఎఫ్ పనికి నిజామాబాద్. వీటన్నిటినీ కలిపేవి ఆమె కాళ్లు. కాగితాల్లో దాని పేరు సమన్వయం. ఇట్లాంటి పనులకిచ్చేది జీతం కాదు, 'గౌరవ వేతనం'. అంగన్‌వాడీ కార్యకర్తలకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పడానికి 2022 దాకా పట్టింది.

బీడీ కార్మికులకు 2015లో వెయ్యి రూపాయలతో మొదలైన జీవనభృతి 2019లో 2,016 అయింది. ఆ ఇంట్లో అత్తకు వితంతు పింఛను వస్తోంది. కోడలికి తన పేరనే పీఎఫ్ నంబరుంది. కానీ ఇంటికి సాధారణంగా ఒకటే పింఛను అన్నది నిబంధన. పొయ్యి వేరని రాస్తే పని అవుతుందని ఎవరో చెప్పారట. నా చేతిరాత బాగుంటుందని నన్ను రాయమన్నారు.

నా దగ్గర తర్కం సిద్ధంగానే ఉంది. ప్రయోజనం ఇచ్చేటప్పుడు రాజ్యం కుటుంబాన్ని ఒకే మనిషిగా లెక్కేస్తుంది. కోడలి చాకిరీకి దక్కాల్సింది అత్త వైధవ్యంలో ఎట్లా కలిసిపోతుంది? అన్యాయమైన నిబంధన ముందు ఆడిన అబద్ధం తప్పెలా అవుతుంది? ఈ తర్కం తప్పని ఇప్పటికీ అనుకోను.

కాగితం చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర అత్త చాట పక్కన పెట్టింది.

"నన్ను ఏరు పెడుతున్నరా బిడ్డా?"

కొడుకు గల్ఫ్‌లో ఉన్నాడు. ఆమెకు మిగిలింది ఆ పొయ్యి, ఆ కోడలు. నాకు అది ఒట్టి వాక్యం. ఆమెకు ఇల్లు. నేను వెంటనే కాగితం చింపేశాను. మనసు తేలికపడింది. అప్పుడు కోడలు, చుడుతున్న బీడీ మీంచి తలెత్తకుండానే అంది:

"నీకేం మేడం, చింపితివి. నెలకు రెండువేల పదారు నాయి గద పోయినయి."

రాసినప్పుడు అత్తను అడగలేదు. చింపినప్పుడు కోడల్ని అడగలేదు. రేపు ఎవరైనా విచారణకొస్తే జవాబు చెప్పుకోవాల్సిన ఆర్పీని రెండుసార్లూ అడగలేదు. అబద్ధం రాయడంలోనూ, దాన్ని చింపడంలోనూ నేను కాపాడుకున్నది నన్నే. మొదటిసారి నా రాజకీయాన్ని, రెండోసారి నా అంతరాత్మని. నిజమా అబద్ధమా అన్నదొక్కటే నీతి ప్రశ్న అనుకునేదాన్ని. ఎవరి బతుకు గురించి ఎవరు రాస్తున్నారు, రాసినదాని బరువు ఎవరి మీద పడుతోంది అన్నది దానికంటే ముందు ప్రశ్న.

దారి చూపింది ఆర్పీయే. "ఉన్నదున్నట్టే రాద్దాం మేడం. అయితదో కాదో గని, ఇద్దరు ఇని ఊకొట్టేటట్టు రాయి."

పింఛను దరఖాస్తు బదులు అర్జీ రాశాం. ఈ ఇంట్లో పొయ్యి ఒకటే, చాటలు రెండు. ఒకరికి వచ్చేది భర్త పోయినందుకు, ఇంకొకరు అడుగుతున్నది తన పనికి. ఒకటి చూపించి ఇంకోటి ఆపొద్దు అని. ప్రతి వాక్యం చదివి ఆగాను. ఒక మాట దగ్గర అత్త, రెండు చోట్ల కోడలు దిద్దించారు. అత్త వేలిముద్ర వేసింది. కోడలు సంతకం చేసింది. ఆమె నాతో మళ్లీ సరిగా మాట్లాడలేదు. అది ఆమె హక్కు.

అర్జీ ఫలితం తేలకముందే నేను హైదరాబాద్ వచ్చేశాను. రసీదు ఆర్పీ చేతిసంచిలో ఉంది. దాన్ని పట్టుకుని తిరగాల్సింది ఆమే.